జెముడుకాకి గూటికి కట్టిన గొలుసు

మా ఇంట్లో పెళ్ళికో నామకరణానికో నలుగురు చేరితే, భోజనాలయ్యాక తమలపాకులు ముందేసుకుని మా మేనత్త కథ చెప్పుకుంటారు. మాట పడిపోయిన అన్నకు మాట తెప్పించాలని ఆమె జెముడుకాకి పిల్ల కాలికి ఇనుప గొలుసు కట్టిందట. తల్లిపక్షి సంజీవి పుల్ల తెచ్చి ఆ గొలుసు తెంచుతుందని కాచుకుని కూర్చుందట. పిల్ల చచ్చింది గాని పుల్ల రాలేదట. చెప్పేవాళ్ళు ఆమె మీద ప్రేమతోనే చెబుతారు. పాతకాలం మనిషి, అన్న అంటే అంత ప్రాణం అంటారు. పిల్లలు నవ్వుతారు. నేనూ చాలా ఏళ్ళు వాళ్ళతో కలిసి నవ్వాను.

ఆ గొలుసు కట్టింది మా అత్త కాదు, నేను. ఆ పుల్ల మీద నమ్మకం ఆమెకు లేదు, నాకు ఉండేది. మొన్న మా అబ్బాయి తన స్నేహితులకు ఈ కథ చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను. వాడు పుట్టేసరికే ఆమె లేదు. వాడి నోట్లో ఆమె ఒక వెర్రి ముసలమ్మ అయి కూర్చుంది. ఇంకా ఊరుకుంటే వాడి పిల్లలకు కూడా ఆమె అంతే అవుతుంది. అందుకని రాస్తున్నాను.

అప్పట్లో మేము బాగేపల్లిలో ఉండేవాళ్ళం. యుద్ధం జరుగుతున్న రోజులు. నాయన పురాణం చెప్పేవాడు. చింతామణి, చిక్కబళ్ళాపురం, గౌరిబిదనూరు వైపు నుంచి ఆయనకు పిలుపులు వచ్చేవి. తెలుగులో మొదలుపెట్టి, ఎదుట కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసి కన్నడంలోకి వెళ్ళి, మళ్ళీ తెలుగులోకి వచ్చేవాడు. ఎక్కడ దాటాడో వినేవాళ్ళకు తెలిసేది కాదు. మైకులు లేని కాలం. చివర చెప్పుల దగ్గర కూర్చున్నవాడికి కూడా ఆయన మాట స్పష్టంగా చేరేది. పుస్తకాలు ఒక చెక్కపెట్టెలో పెట్టుకుని తిరిగేవాడు. బస్సు టాపు మీద మూత ఊడిపోకుండా పెట్టె చుట్టూ సన్నని ఇనుప గొలుసు చుట్టి తాళం వేసేవాడు. నేను కట్టింది ఆ గొలుసే.

ఒకనాటి ఉదయం నాయన స్నానానికని బావి దగ్గరికి వెళ్ళి అక్కడే కూలబడ్డాడు. కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. మెడ ఎడమవైపుకు తిరగడం మానేసింది. మాట పూర్తిగా పోయింది. నాలుక కదిలేది, గొంతులో గాలి ఆడేది, మాట మాత్రం పుట్టేది కాదు. నాకు అప్పటికి పెళ్ళై ఏడాది కాలేదు. ఊళ్ళో ప్రైమరీ స్కూల్లో మేష్ట్రుగా చేరి ఉన్నాను. అమ్మ అంతకు ముందే పోయింది. ఇంట్లో నాయన కాక నేను, నా భార్య, మేనత్త. పొద్దున లేవగానే నాయనను ఎత్తి కూర్చోబెట్టడం, బావి దగ్గరికి మోసుకెళ్ళి స్నానం చేయించడం, తుడిచి పంచె కట్టడం నా పని. ఆయన బరువైన మనిషి. నా మెడ చుట్టూ ఎడమచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, పూర్తిగా నా మీద వాలిపోయేవాడు.

మొదట మంచం నడవలో ఉండేది. చూడవచ్చిన వాళ్ళు ఆయన ముఖం మీదికి వంగి, "నన్ను గుర్తుపట్టినారా స్వామీ?" అని కేకలు పెట్టేవాళ్ళు. కొందరు ఏడ్చేవాళ్ళు. మా అత్త రెండు మూడు రోజులు ఓర్చుకుని, నాలుగోరోజు ఒకడు కేక పెట్టగానే, "చెవుడు రాలేదప్పా ఆయనకు, మాటే పోయింది. మెల్లగా అడుగు" అంది. ఆ సాయంత్రమే నా చేత మంచం మోయించి వెనక వసారాలో పెరటివైపుకు వేయించింది. అప్పటినుంచి మా ఇంట్లో పిట్టలను చూడడం మొదలైంది.

మా పెరడు పెద్దది గాని దాన్ని తోట అనడానికి లేదు. ఎడమచేతి వైపు బావి, మునగచెట్టు, బట్టలుతికే బండ. కుడివైపు నిమ్మ, దానిమ్మ, చివర సగం కూలిన రాతిగోడ, దాన్ని పూర్తిగా కప్పేసిన గచ్చపొద. ఆ పొద ముళ్ళకు భయపడి మేము అటు వెళ్ళేవాళ్ళం కాదు, అందుకని పిట్టలకు అది మంచి చోటు. మంచం మీద నుంచి నాయనకు కుడి సగమే కనిపించేది. ఎడమ సగం కోసం అత్త మంచానికి ఎడమపక్కన చాప వేసుకుని కూర్చునేది. చేటలో బియ్యం ఏరుకుంటూనో, ఒత్తులు చేసుకుంటూనో, ఆయనకు కనిపించనిది ఆమె చెప్పేది.

ఆమె చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. నాకు తెలిసినంత కాలం నాయనకు అన్నం వడ్డించి తలుపు పక్కకు తప్పుకునేది. ఆయన పురాణం ఆడవాళ్ళ వరసలో కూర్చుని వినేది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడం నేను చూడలేదు. ఆయనకు మాట పోయాక ఆమెకు ఆయన పక్కన చోటు దొరికింది. చిన్నప్పుడు మండికల్ దగ్గరి ఇనాం చేలో జొన్న కంకి పట్టే రోజుల్లో ఈ ఇద్దరినీ మంచె మీదికి ఎక్కించి పిట్టలు తోలమని పంపేవాళ్ళట. వీళ్ళు రాళ్ళు విసిరే ఒడిసెలను పక్కన పెట్టి పిట్టలను చూస్తూ కూర్చునేవాళ్ళట. సగం చేను చిలకల పాలైతే ఇంట్లో దెబ్బలు నాయన తిన్నాడట. ఈ సంగతి ఆమె ఆ చాప మీద కూర్చునే నాకు చెప్పింది. నాయన ఎడమ పెదవి పైకి లేచింది. ఆయన నవ్వు అప్పుడు అంతే.

"అప్పుడు తోలమంటే తోలకపోతిమి, ఇప్పుడు రమ్మంటే రాకుండా ఉంటాయా అన్నా" అంది.

ఆమెకు పిట్టల పేర్లు అన్నీ తెలియవు. తెలియనిదానికి తానే పేరు పెట్టేది. మట్టిరంగు పిట్టలు కొన్ని గుంపుగా వచ్చి, ఆకులన్నీ తిరగేసి, ఒకటే గోల చేసి, ఉన్నట్టుండి అన్నీ ఒకేసారి వెళ్ళిపోయేవి. వాటికి పెళ్ళివాళ్ళు అని పేరు. బావిగట్టు మీద పచ్చని కళ్ళతో అటూ ఇటూ నడిచే గోరువంక కళ్ళద్దాల మేష్ట్రు. అది నన్ను ఉద్దేశించిందే. దానిమ్మ పూలలో ముక్కు దూర్చే తేనెపిట్ట కొత్తకోడలు, ఎందుకంటే ఒక్కచోట నిలవదు. ఇది వినపడి నా భార్య వంటింట్లో గిన్నె గట్టిగా పెట్టేది. అత్త నోరు మెత్తనిది కాదు. పిల్లి కనబడితే చేతిలో ఏది ఉంటే అది విసిరేది. ఒకసారి రుబ్బురోలు పక్కనున్న కొబ్బరిచిప్ప నా వీపుకు తగిలింది.

గచ్చపొదలోని జెముడుకాకుల జంట మాత్రం నాయన సొంతం. అవి ఆయనకు కనిపించే వైపు ఉండేవి. కాకంత పిట్ట, నల్లని ఒళ్ళు, ఇటుకరంగు రెక్కలు, ఎర్రని కళ్ళు, పొడుగాటి తోక. ఎగరడం కంటే నడవడం ఎక్కువ. తలెత్తుకుని, ఎవరినీ లెక్కచేయకుండా, ఒక్కో అడుగు వేసుకుంటూ నిమ్మచెట్టు కిందికి వచ్చి నత్తలు ఏరుకునేది. దాని నడక చూసి అత్త అమల్దారు అని పేరు పెట్టింది. తాలూకా కచేరీలో అమల్దారుగారు ఎర్రకోటు వేసుకుని అలాగే నడిచేవారు. "అమల్దారు తనిఖీకి వచ్చినాడన్నా. నత్తలన్నీ లేచి నిలబడండాయి" అనేది. పొద్దున్నే పొదలోంచి దాని గొంతు వచ్చేది. కుండలో నోరు పెట్టి పిలిచినట్టు, ఊప్ ఊప్ ఊప్ అని, లోతుగా.

వానలు మొదలయ్యాక పొద నడుమ గూడు కట్టాయి. పుల్లలు, ఎండుటాకులు కలిపి బంతిలా చుట్టిన గూడు. దాని నోరు వసారావైపు ఉండింది. చింతామణి నుంచి వచ్చిన నా భార్యే మొదట ఆ మాట ఎత్తింది. జెముడుకాకి గూట్లో సంజీవి పుల్ల ఉంటుందని, పిల్ల కాలికి ఇనుప గొలుసు కడితే తల్లి అడవికి పోయి ఆ పుల్ల తెచ్చి తాకిస్తుందని, ఇనుము దారంలా తెగిపోతుందని, ఆ పుల్ల ఇంట్లో ఉంటే ఏ రోగమైనా లేచిపోతుందని వాళ్ళ వైపు అందరూ చెప్పుకుంటారట. అత్త బియ్యంలోంచి తల ఎత్తలేదు.

"అంత పుల్ల గూట్లో పెట్టుకోనుంటే అది ముసిలిదై యాల చస్తాదమ్మా? పోయి చారు పొంగుతుందేమో చూడు" అంది.

ఆమె ఆ పుల్ల గురించి అన్నది ఆ ఒక్క మాటే. మా ఇంటి కథలో ఈ మాట లేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకు నాయన గొంతులోంచి శబ్దం వచ్చింది. పొద్దున అమల్దారు కూసింది. నాయన ఛాతీ లేచింది, పెదవులు సున్నాలా చుట్టుకున్నాయి, ఊప్ అన్నాడు. అత్త చేతిలో చేట కిందపెట్టింది. పొదలోంచి మళ్ళీ కూత వచ్చింది. నాయన మళ్ళీ ఊప్ అన్నాడు. "జవాబు ఇచ్చినావు గదన్నా. ఇంక కచేరీలో మన పని జరుగుతాది" అని నవ్వుతూ కొంగు కళ్ళకు అద్దుకుంది. అది మొదలు రోజూ అదే పని. పిట్ట కూస్తే ఆయన పలికేవాడు. ఆయన కోసం ఆమె కూడా పలికేది. ఇద్దరు పెద్దవాళ్ళు పొద్దున్నే వసారాలో కూర్చుని ఊప్ ఊప్ అంటుంటే నా భార్య నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేది.

నాకు నవ్వు రాలేదు. ఇక్కడ నా సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అత్తకు అది అన్న గొంతు తిరిగి రావడంలా వినబడింది. నాకు సిగ్గుగా ఉండింది. వందలమందిని కదలకుండా కూర్చోబెట్టిన గొంతు పిట్టలా కూస్తోందని. వీధిలో పోయేవాళ్ళకు వినబడుతుందేమో అని ఆ సమయానికి వీధి తలుపు వేసి వచ్చేవాణ్ణి. ఆ గొంతుకు మాట రావాలి, అదీ తొందరగా రావాలి, నాకు కావలసింది అది. అత్తకు ఆ తొందర లేదు.

స్కూలుకు రజా ఇచ్చిన ఒకరోజు చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి వెళ్ళి నాయన సంగతి చెప్పాను. డాక్టరు మంచివాడే. మాట రావచ్చు, రాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు అన్నాడు. నాకు రెండోదే వినబడింది. తిరిగి వచ్చేటప్పుడు బొగ్గు బస్సు. పెట్రోలు దొరకని రోజులు కదా, వెనక డ్రమ్ములో బొగ్గు మండితేనే బండి నడిచేది. పేరేసంద్ర దాటే ఎత్తులో నిలిచిపోయింది. అందరం దిగి చింతచెట్ల కింద కూర్చున్నాం. నా చేతిలో మందుసీసా చూసి మండికల్‌కు పోయే ఒక పెద్దమనిషి విషయం అడిగాడు. చెప్పాను. మా పెరట్లో జెముడుకాకి గూడు ఉందని కూడా ఎందుకో చెప్పాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"గూడు ఇంట్లో పెట్టుకోని ఆస్పత్రికి తిరుగుతాండావా అప్పా?" అన్నాడు.

వాళ్ళ తాతకు చూపు అలాగే వచ్చిందని చెప్పాడు. గొలుసు ఎక్కడ కట్టాలో, గూటి పుల్లలను తర్వాత పారే నీళ్ళలో ఒక్కొక్కటిగా ఎలా వేయాలో, ఏటికి ఎదురు పోయే పుల్ల ఏదో అదే సంజీవి అని ఎలా తెలుసుకోవాలో చెప్పాడు. నేను నవ్వాను. మేష్ట్రును కదా, పిల్లలకు మూఢనమ్మకాలు కూడదని చెప్పేవాణ్ణి. బస్సు మళ్ళీ కదిలి బాగేపల్లి చేరేలోపు ఆ నవ్వు నాలో ఎక్కడా మిగల్లేదు.

మరునాటి మధ్యాహ్నం అత్త భోంచేసి లోపల నడుం వాల్చింది. నాయన నిద్రపోయాడనుకున్నాను. పుస్తకాల పెట్టె మీది గొలుసు ఊడదీసి పొదలోకి దూరాను. గచ్చముళ్ళు రెండు చేతులూ గీసిపారేశాయి. గూట్లో చెయ్యి పెడితే వేడిగా, మెత్తగా మూడు పిల్లలు తగిలాయి. నల్లని తోలు మీద తెల్లని వెంట్రుకలు, చూడ్డానికి ఏమీ బాగుండవు. ఒకదాన్ని పట్టుకోగానే అది భయంతో నా చేతిమీద నల్లని నీళ్ళు విడిచింది. కుళ్ళు వాసన. గొలుసు ఒక కొస దాని కాలికి, ఇంకో కొస కొమ్మకు కట్టి, లోపల పెట్టి వచ్చేశాను. బావి దగ్గర మట్టితో, చింతపండుతో, సీకాయతో కడిగినా ఆ వాసన పోలేదు. అన్నం వడ్డిస్తూ అత్త అడిగింది. స్కూల్లో ఎలుక చచ్చిందని చెప్పాను.

తల్లిపక్షి అడవికేమీ పోలేదు. ఎప్పటిలాగే నిమ్మచెట్టు కింద నత్తలు ఏరి గూటికి తీసుకుపోయింది. నేను మాత్రం రోజూ స్కూలు నుంచి వచ్చి, ఎవరూ చూడకుండా పొదలోకి తొంగి గొలుసు తెగిందేమో చూసేవాణ్ణి. నాయన, అత్త గూట్లోని పిల్లలు ఎప్పుడు బయటికి వస్తాయా అని ఎదురుచూస్తున్నారు. "అమల్దారు బిడ్డలు బళ్ళో చేరే టైమైంది" అంటూ ఉండేది ఆమె.

అవి బయటికి వచ్చిన పొద్దున నేను స్కూలుకు బయలుదేరుతున్నాను. వసారాలోంచి నాయన అరిచాడు. అందులో మాట లేదు, పిట్ట కూత కూడా కాదు. ఆ అరుపు వీధి చివరిదాకా వినబడిందని తర్వాత చెప్పారు. పరుగెత్తి వెళ్ళేసరికి అత్త అప్పటికే ముళ్ళలో ఉంది. రెండు పిల్లలు కొమ్మల మీద ఉన్నాయి. మూడోది వాటి వెనకే బయటికి అడుగువేసి, గొలుసుకు తలకిందులుగా వేలాడుతోంది. తల్లీతండ్రీ గోడ మీద అటూ ఇటూ తిరుగుతూ బొంగురుగా అరుస్తున్నాయి. నేను వసారా మెట్టు మీదే నిలబడిపోయాను. అత్త గొలుసు కొస విప్పి, పిల్లను మడిచీర కొంగులో పెట్టుకుని వచ్చింది. వసారా చేరేలోపు అది పోయింది.

గొలుసు ఆమె చేతిలోంచి కిందికి వేలాడుతోంది. నాయన గొలుసును చూశాడు. ఎన్ని ఊళ్ళు తన వెంట తిరిగిన గొలుసు, ఆయనకు తెలియదా? ఆయన కళ్ళు అక్కడినుంచి లేచి నా ముఖం మీద నిలిచాయి. అప్పుడు అత్త ఒక అడుగు జరిగి మా ఇద్దరి నడుమకు వచ్చింది. ఆమె చేతుల మీద ముళ్ళ గీతలు రక్తం కారుతున్నాయి. నా చేతుల మీదివి అప్పటికే ఎండిపోయి ఉన్నాయి.

"నేనే అన్నా. పెట్టె మీద గొలుసు తీసి నేనే కట్టినా. సంజీవి పుల్ల తెస్తాదేమోనని ఆశపడితిని" అంది.

నాయన కళ్ళు మూసుకున్నాడు. వసారా గుమ్మంలో నిలబడి నా భార్య ఇదంతా విన్నది. మా ఇంటి కథ అక్కడ పుట్టింది. ఆమె కల్పించింది ఏమీ లేదు, చెవితో విన్నదే చెప్పింది.

అత్త పిల్లను దానిమ్మ మొదట్లో పూడ్చి, బావి దగ్గర చేతులు కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆమె చేతులు వాసన చూసుకుని నావైపు చూసింది. చచ్చిన ఎలుక ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. నాయనకు నేనే చెప్పేస్తానన్నాను.

"చెప్తే నీకు తేలికైతాది. ఆయనకేమైతాది?" అంది. నీళ్ళు పోసుకుని మళ్ళా అంది. "రేపు పొద్దున ఆయన్ని ఎత్తాల్సింది నువ్వు. నీ చెయ్యి చూసి ఆయన ఒళ్ళు బిగదీసుకుంటే ఎవరప్పా ఎత్తేది? నేను ఎత్తగల్తానా? నా మీద కోపం వస్తే ఏమైతాది, చాప మీద నేను లేకుంటే పిట్టలు రావా?"

ఆమె చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి లేదు. అది నాకు అనుకూలంగా కూడా ఉంది. ఆ రెండిట్లో దేనివల్ల ఒప్పుకున్నానో అప్పుడు నన్ను నేను ప్రశ్నించుకోలేదు.

ఆమెకు తెలియనిది ఇంకొకటి ఉంది. ఆ వారంలోనే ఖాళీ గూడు తెంపి, గోనెసంచిలో వేసుకుని చిత్రావతి ఒడ్డుకు వెళ్ళాను. వానలకు ఏట్లో నీళ్ళు పారుతున్నాయి. ఒక్కొక్క పుల్లే నీళ్ళలో వేసి చూశాను. పిల్ల చచ్చిపోయాక, అత్త నింద మోశాక, నేను మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పుల్లలు వేస్తున్నాను. అన్నీ ఏటి వాలుకే కొట్టుకుపోయాయి. ఆకులు కూడా వేసి చూశాను.

నాయన అత్త మీద కేక వేయలేడు కాబట్టి కళ్ళు మూసుకునేవాడు. ఆమె చాప తెచ్చి వేయగానే కళ్ళు మూసుకుంటే, ఆమె లేచి వెళ్ళేదాకా తెరిచేవాడు కాదు. రెండు మూడు రోజులు అలా చూసి ఆమె చాప చుట్టి గోడకు ఆనించింది. ఆయనకు అన్నం నా భార్య పెట్టడం మొదలుపెట్టింది. అత్త వంటింటికి పరిమితమైంది. అక్కడి కిటికీలోంచి బావిగట్టు, మునగచెట్టు కనిపిస్తాయి. ఒకరోజు ఆమె, నా భార్యకు చెబుతున్నట్టు, గొంతు పెంచి, "పెళ్ళివాళ్ళు దిగినారు చూడమ్మా, నీళ్ళు కూడా అడక్కుండా తాగుతాండారు" అంది. వసారాలో నాయన ఎడమచెయ్యి లేపి చెవి మీద పెట్టుకున్నాడు. ఆ చెయ్యి ఆమెకు కిటికీలోంచి కనబడిందో లేదో నాకు తెలియదు. తర్వాత మళ్ళీ గొంతు పెంచలేదు.

సాయంత్రాలు ఆ చాప మీద నేను కూర్చున్నాను. బావి దగ్గర ఒక పిట్ట వచ్చిందని చెప్పేవాణ్ణి. ఎలాంటి పిట్ట అని ఆయన అడగలేడు. గోధుమరంగు పిట్ట అనేవాణ్ణి. కాసేపటికి, పోయింది అనేవాణ్ణి. ఆయన ఓపిగ్గా వినేవాడు. పొద్దున నేను ఎత్తినప్పుడు ఎప్పటిలాగే మెడ చుట్టూ చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, బరువంతా నా మీద వదిలేవాడు. అత్త చెప్పినట్టే జరిగింది. ఆ బరువు ఒక్కోరోజు మోయలేకపోయేవాణ్ణి.

జెముడుకాకులు పెరడు విడిచిపోయాయి. ఆ ఏడంతా పొదలోంచి కూత రాలేదు. నాయన గొంతు కూడా మూగబోయింది.

మరుసటి సంవత్సరం వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున నేను నాయన ముఖం కడగడానికి చెంబుతో నీళ్ళు తెస్తున్నాను. గచ్చపొదలోంచి ఊప్ ఊప్ ఊప్ అని వినబడింది. పాత జంటో కొత్తదో నాకు తెలియదు. నేను చెంబు పట్టుకుని ఆగాను. వంటింట్లో రోలు చప్పుడు కూడా ఆగింది. నాయన పెదవులు సున్నా చుట్టుకున్నాయి. మొదట గాలే వచ్చింది. తర్వాత, బొంగురుగా, ఊప్ అన్నాడు.

అత్త వంటింటి గడప దాకా వచ్చి నిలబడింది. పిండి చేతులు. లోపలికి రాలేదు. నాయన మెడ ఎడమవైపు తిరగదు కదా, ఆమె ఆయనకు కనబడదు. వచ్చిందని ఎలా తెలిసిందో. ఎడమచెయ్యి మంచం పట్టె మీది నుంచి కిందికి జార్చి, చాప ఉండే చోట నేలను తట్టాడు. ఆగి, మళ్ళీ తట్టాడు.

నేను చెప్పాల్సిన క్షణం అదే. చెంబు కిందపెట్టి, నాయనా, కట్టింది అత్త కాదు, నేను, అనడానికి ఎంతసేపు పడుతుంది? చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. అత్త నన్ను దాటుకుని వచ్చి చాప కూడా వేసుకోకుండా ఉత్త నేల మీద కూర్చుంది. నాయన చెయ్యి గాలిలో వెతికి ఆమె తల మీద నిలిచింది. అలాగే ఉంచాడు. ఆమె తల వంచింది. చెయ్యని తప్పుకు ఆయన క్షమించాడు, ఆమె ఆ క్షమ తనదే అన్నట్టు తీసుకుంది. నేను అది చూస్తూ నిలబడ్డాను.

ఆయనకు నిజం తెలుసేమోనని, పెద్దమనసుతో ఊరుకున్నాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. నేను గొలుసు ఊడదీసిన మధ్యాహ్నం ఆయన నిజంగా నిద్రపోయాడో లేదో దగ్గరికి వెళ్ళి చూడలేదు. కానీ ఆ ఆలోచన నాకు మరీ హాయిగా ఉంటుంది, అందుకని దాన్ని నమ్మను.

పొదలోంచి జెముడుకాకి దిగి, తల ఎత్తుకుని, ఒక్కో అడుగు వేసుకుంటూ నిమ్మచెట్టు కిందికి వచ్చింది. అత్త తల ఎత్తకుండానే చూసింది.

"అమల్దారు బదిలీ మీద పోయి మళ్ళా మన ఊరికే వచ్చినాడన్నా. యాడా పొసగలేదేమో" అంది.

నాయన ఎడమ పెదవి పైకి లేచింది. ఆమె నావైపు తిరిగింది.

"చెంబు ఆడ పెట్టి పోప్పా. నువ్వు నిలబడితే పిట్టలు బెదుర్తాయి."

పెట్టి వెళ్ళాను. వాళ్ళిద్దరూ ఉన్నంతకాలం ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాయనకు మాట రాలేదు. పొద్దున్నే పిట్టకు జవాబు చెప్పడం మాత్రం చివరిదాకా మానలేదు, పక్కన నేల మీద ఆమె ఉండేది. ఇది మా అబ్బాయికి చదివి వినిపిస్తాను. వాడు తన స్నేహితులకు కూడా చెప్పాలి. గొలుసు కట్టింది వాడి నాయన, అంటే నేను. ఆ అవ్వ మాత్రం, అంత పుల్ల ఉంటే అది ముసిలిదై యాల చస్తాది, అంది.